గోడ దూకినవాడి మీద కోపం

లిఫ్ట్ రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందని ఫోనొచ్చింది. లోపల ఒకమ్మాయి ఉందట. మెకానిక్ పరుగున వచ్చి, తలుపులు విడదీసి, టార్చి వేసి చూశాడు. ఏడుస్తూనో, ఎవర్నో తిడుతూనో ఉంటుందనుకున్నాడు. ఆమె హాయిగా చేరగిలబడి, ఫోను వెలుగులో లావుపాటి నవల చదువుకుంటోంది.

"చెయ్యివ్వండి మేడం, పైకి లాగుతాను."

"రెండే పేజీలండీ. ఈ చాప్టర్ అయిపోనివ్వండి."

"ఈ లిఫ్ట్ మళ్లీ ఎప్పుడు కదులుతుందో నాకే తెలీదు."

"వీడు బతుకుతాడో లేదో నాకూ తెలీదు," అంది తలెత్తకుండా.

చాప్టర్ అయ్యాక కళ్లు తుడుచుకుని బయటికొచ్చింది. ఆ కన్నీళ్లు ఎవడి కోసమో అనుకోగానే అతనికి కడుపులో సన్నగా మండింది. తెలియని మనిషి ఎవరి కోసం ఏడిస్తే తనకేం? అయినా మండింది.

ఆమె దగ్గర్లోని స్కూల్లో లైబ్రేరియన్. అమ్మతో నాలుగో అంతస్తులో ఉంటుంది. పాత లిఫ్ట్ కాబట్టి మెకానిక్‌కి ఆ బిల్డింగ్‌లో తరచూ పని పడేది. లేనప్పుడు కూడా పడేది.

"అసలేముందండీ ఆ నవలలో?" అని ఒకరోజు అడిగేశాడు.

"ఒక ఊరు. చుట్టూ గోడ. పదహారేళ్లు రాగానే ఎవరు ఏ పని చెయ్యాలో, ఎవర్ని పెళ్లాడాలో పెద్దలే తేల్చేస్తారు. ఒకమ్మాయి కుదరదంటుంది. అప్పుడు గోడ అవతల నుంచి ఒకడొస్తాడు."

"దూకా?"

"దూకే. ఎక్కువ మాట్లాడడు. చూస్తాడంతే."

చూస్తాడంతే అన్నప్పుడు ఆమె గొంతు మెత్తబడింది.

"మా వీధిలో గోడలు దూకేవాణ్ణి వేరే పేరుతో పిలుస్తారు," అన్నాడతను.

ఆమె పడీపడీ నవ్వింది. అతను మాత్రం నిజంగానే అన్నాడు. ఆ సాయంత్రమే ఆ నవల కొనుక్కుని, ఆ గోడ దూకినవాడిలో తప్పులు పట్టుకుందామని చదవడం మొదలెట్టాడు. వాడు మంచివాడే. పైగా ధైర్యస్థుడు. దాంతో అతనికి ఒళ్లు మరింత మండింది.

శనివారాలు లైబ్రరీలో పిల్లలతో పుస్తకాల కబుర్లుంటాయని తెలిసి వెళ్లాడు. అక్కడ ఇంకొకాయన తగిలాడు. వార్తలు చదివే మనిషి, అందుకని పిల్లలు 'రేడియో' అంటారు. ఆ గొంతు వింటే కిటికీ అద్దాలు కూడా తలూపేలా ఉన్నాయి.

"ఈ గోడల ఊళ్లు ఎప్పుడో రాబోయే కాలం కథలు కావు. పదహారేళ్లవాళ్లకి ప్రతి ఇల్లూ ఒక ప్రభుత్వమే," అన్నాడు రేడియో.

లైబ్రేరియన్ కళ్లు మెరిశాయి. మెకానిక్ ఇక ఆగలేకపోయాడు.

"అన్నీ ఒకే అచ్చు. ఊరు పాడైపోయిందని ఏడుపు, మధ్యలో ఒకమ్మాయి కోసం ఇద్దరబ్బాయిలు. పనీపాటా లేనివాళ్లు చదువుతారు ఇవన్నీ."

ఎదుటి బెంచీలో ఒక పిల్ల తన పుస్తకం మెల్లిగా సంచీలో పెట్టేసుకుంది. లైబ్రేరియన్ మొహం వాడిపోయింది.

"మీరు చదవకుండా మాట్లాడే మనిషి అనుకోలేదు," అంది.

చదివాడు. అదే కదా బాధ. తను నోరు జారినందుకంటే, ఆ పిల్ల పుస్తకం దాచుకున్న తీరు అతన్ని ఎక్కువ కుదిపింది.

తర్వాతి శనివారం వాన కుమ్మేస్తున్నా తడుస్తూ వెళ్లాడు. ముందు ఆ పిల్ల దగ్గరికెళ్లి, "తప్పుగా మాట్లాడానమ్మా. ఆ నవల నేను రెండుసార్లు చదివాను, బాగుంది," అని చెప్పాడు. పిల్లలంతా వెళ్లిపోయేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

లైబ్రేరియన్ పుస్తకాలు సర్దుతూ, "రెండుసార్లు చదివి మరి అలా ఎందుకన్నారు?" అంది.

"కుళ్లు."

"ఎవరి మీద?"

"రేడియో మీద. అంతకుముందు నుంచీ ఆ గోడ దూకినవాడి మీద."

"కాగితం మీద మనిషి మీద కూడానా?"

"వాడి మీదే ఎక్కువండీ. రేడియో కనీసం ఆవలిస్తాడు."

ఆమె నవ్వాపుకుంటూ అటు తిరిగింది. భుజాలు మాత్రం ఆగలేదు.

"ఈ నవలల్లో నాకు నచ్చనిది ఒకటుంది," అంది కాసేపటికి. "అన్నీ నేనే తేల్చుకుంటానని గోడలు కూల్చే పిల్ల, చివర్లో ఇద్దరబ్బాయిల్లో ఎవరు గెలుస్తారా అని చూస్తూ కూర్చుంటుంది. నేను కూర్చోలేదు. రేడియోగారు మొన్న అడిగారు. కుదరదని చెప్పేశాను."

అతను ఓ అడుగు ముందుకేశాడు. "ఎందుకని?"

"లిఫ్ట్ మెకానిక్ ఒకరున్నారన్నాను."

"ఆ మాట నాకు చెప్పలేదే?"

"మీరు చెప్తారేమోనని చూశాను. వానాకాలం అయిపోవచ్చింది."

"చెప్తున్నాను. మీరంటే నాకు ఇష్టం. చెప్పడానికి ఇంతసేపు పట్టినందుకు నా మీద నాకే చిరాగ్గా ఉంది."

"ఇప్పటికైనా నయం," అంది, గొడుగు అతని చేతికిస్తూ.

ఇద్దరూ ఇంటికెళ్లేసరికి ఆమె తల్లి తలుపు తీసి, సగం తడిసిన మనిషిని కిందా పైనా చూసింది.

"ఇతనేనా?"

"ఇతనే అమ్మా."

"పుస్తకాలు చదువుతాడా?"

"చదువుతాడు. కాకపోతే కోపంగా చదువుతాడు."

తల్లి లోపలికెళ్లి పొడి తువ్వాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "తల తుడుచుకో బాబూ. కోపం తర్వాత పడుదువుగాని."