కోమా కాదు, కామా

ఆ అమ్మాయి మొదటిసారి కళ్ళజోళ్ళ షాపుకి వచ్చినప్పుడు లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి బోర్డు చదివింది.

"ఏమండీ, మా నాన్న పెద్దమనిషేం కాదు. నాకు కళ్ళజోడు ఇస్తారా, ఇవ్వరా?"

కౌంటర్ వెనక ఫ్రేముకి స్క్రూ బిగిస్తున్న కుర్రాడు తలెత్తాడు. "అలా అడుగుతారేంటండీ?"

"మీరే రాశారుగా, పెద్దల పిల్లల కళ్ళజోళ్ళు లభించును అని."

అతను బయటికొచ్చి, తన బోర్డుని ఎవరిదో అన్నట్టు చూశాడు. ఆమె బ్యాగులోంచి స్కెచ్ పెన్ను తీసి, మునివేళ్ళ మీద లేచి, 'పెద్దల' పక్కన ఒక కామా పెట్టింది.

"ఇప్పుడు అందరూ రావచ్చు," అని తనూ లోపలికొచ్చింది.

పై అంతస్తులో వినియోగదారుల కేసులు చూసే లాయరు దగ్గర కొత్తగా చేరిన జూనియర్ ఆమె. కళ్ళజోడు ముక్కు మీంచి జారుతోందని రెండు మూడు రోజులకోసారి కిందికి దిగేది. అతను స్క్రూ బిగించి, అద్దాలు తుడిచి ఇచ్చేవాడు. మళ్ళీ జారేది. ఆ స్క్రూని అతనెప్పుడూ పూర్తిగా బిగించలేదని నా అనుమానం.

ఎదురుగా 'లాయర్ గారూ' అనేవాడు. మనసులో మాత్రం ఆమె పేరు కామా.

అది మనసులోనే ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. తనకీ అమ్మకీ కలిపి ఆరోగ్య బీమా తీసుకున్నప్పుడు కంపెనీ వెబ్‌సైటు ఒక ప్రశ్న అడిగింది. పాస్‌వర్డ్ మర్చిపోతే గుర్తుపట్టడానికట. 'మీకు బాగా ఇష్టమైన వ్యక్తి ముద్దుపేరు?'

అతను అటూ ఇటూ చూసి, ఇంగ్లీషు అక్షరాల్లో కామా అని కొట్టాడు. స్పెల్లింగులకీ అతనికీ స్కూల్లోనే చెడింది. రెండు ఎమ్‌లు పడాల్సిన చోట ఒకటే పడింది. కామా కాస్తా కోమా అయింది.

కొన్నాళ్ళకి ఆ కంపెనీ కంప్యూటర్లలోకి ఎవడో దొంగ దూరాడు. ఖాతాదారుల వివరాలన్నీ బజార్న పడ్డాయి.

మొదటి ఫోను అమ్మ ఎత్తింది.

"అమ్మా, కోమాలో ఉన్న మీ ఆత్మీయులకి నర్సు కావాలా? పగలైనా పంపిస్తాం, రాత్రయినా పంపిస్తాం."

అమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. "ఎవర్రా కోమాలో ఉంది?"

"రాంగ్ నంబరమ్మా."

మర్నాడు ఇంకొకడు మంచం అద్దెకిస్తానన్నాడు, తలవైపు పైకి లేచే రకం. ఆ పై రోజు ఒకామె గొంతు తగ్గించి, "ఆవిడ చెవి దగ్గర పెట్టడానికి మా దగ్గర మంచి సంగీతం ఉందండి" అంది.

"ఆవిడా? అంటే ఆడపిల్లే," అని అమ్మ చెప్పులేసుకుని తిన్నగా షాపు పై అంతస్తులో లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది. "అమ్మాయ్, మా వాడికి ఎవరో ఉందటమ్మా. కోమాలో ఉందట. నాకు చెప్పకుండా కుమిలిపోతున్నాడు. పైగా ఊళ్ళో వాళ్ళందరికీ తెలిసిపోయింది, నాకు తప్ప."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఆ ఫోన్లు బీమా కంపెనీ నుంచి బయటపడ్డ వివరాల వల్లేనని, వాటిలో ఇష్టమైన వ్యక్తి ప్రశ్న కూడా ఉందని ఆరా తీసి, సాయంత్రం ఫైలు పట్టుకుని షాపుకి వచ్చింది.

"మీరు ఊరుకోకూడదండీ. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇద్దాం. కుంటిసాకులు చెప్తే బీమా ఫిర్యాదులు వినే అధికారి ఉంటారు, అక్కడికి వెళ్దాం. నష్టపరిహారానికి వినియోగదారుల కోర్టు ఉండనే ఉంది. సమాచారం భద్రంగా ఉంచనందుకు జరిమానా వేసే సంస్థకి వేరే అర్జీ పెడదాం. వచ్చిన ఫోన్ల నంబర్లు ఒక్కటీ చెరపకండి, అవే మన సాక్ష్యం. పాస్‌వర్డు మార్చారా?"

"మార్చానండి."

"కంపెనీ నుంచి ఏమైనా వచ్చిందా?"

అతను ఒక కూపను చూపించాడు. జరిగినదానికి చింతిస్తూ కంపెనీ వారు సమర్పించుకునే ఉచిత కంటి పరీక్ష.

"కళ్ళజోళ్ళ షాపువాడికి ఉచిత కంటి పరీక్షా?" ఆమెకి నవ్వాగలేదు. అంతలోనే కింద చీమల్లా ఉన్న అక్షరాలు చదివి నవ్వు మానేసింది. "ఇది వాడారంటే ఇక కోర్టుకి వెళ్ళనని ఒప్పుకున్నట్టేనట. ముట్టుకోకండి. సరే, ఏమేం బయటపడ్డాయో చెప్పండి."

"ఫోన్ నంబరు, అడ్రసు, పుట్టినరోజు, అమ్మ మోకాలి ఎక్స్‌రే..."

"ఇంకా?"

"ఇంకేం లేవండి."

"పాస్‌వర్డు ప్రశ్న?"

అతను ఒక ఫ్రేము తీసి శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టాడు. దానికి అద్దాలే లేవు.

ఆమె గొంతు మెత్తబడింది. "అమ్మ చెప్పారు లెండి. ఇష్టమైన మనిషి ఎవరంటే పేరు రాయడానికి కూడా మనసొప్పక, కోమా అని రాశారు కదూ. ఎన్నాళ్ళయింది ఆమెకలా అయ్యి?"

"ఆమె బాగానే ఉందండి."

"కోమాలో ఉండి బాగానే ఉందా?"

"శుభ్రంగా తిరుగుతుంది. మాట్లాడుతుంది. తెగ మాట్లాడుతుంది."

ఆమె అతనివైపు జాలిగా చూసింది. పాపం, దుఃఖం నెత్తికెక్కింది అనుకుంది. పైకి వెళ్ళాక తన మీద తనకే అసహ్యమేసింది. మంచంలో కదలకుండా ఉన్న మనిషిని చూసి కుళ్ళుకుంటున్నందుకు. కసికొద్దీ ఫిర్యాదు మాత్రం బ్రహ్మాండంగా రాసింది. ఎక్కడా ఒక్క కామా పొల్లుపోలేదు.

కింద షాపులో అతనికి అన్నం సహించలేదు. నిజం చెప్తే కోమా పోతుంది, కామా కూడా పోతుంది. ఇక స్క్రూ బిగించుకోవడానికి వీధి చివర షాపుకి పోతుంది.

కంపెనీ వాళ్ళు మాట్లాడుకుందాం రమ్మన్నారు. ముగ్గురూ వెళ్ళారు. టైతో ఉన్న ఆఫీసరు మంచినీళ్ళిచ్చి, కూపను ఒకటి కాదు, మూడిస్తానన్నాడు. లాయరమ్మ ఒప్పుకోకపోయేసరికి ఫైలు తిరగేసి చిరునవ్వు నవ్వాడు.

"మీ ఫిర్యాదులోనే ఉంది కదండీ, కోమా పేషెంటు గురించి ఫోన్లొస్తున్నాయని. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నారని పాలసీ తీసుకునేటప్పుడు మీరు చెప్పలేదు. దాచినందుకు పాలసీ రద్దు చెయ్యాల్సి ఉంటుంది."

అమ్మ చెయ్యి మోకాలి మీదికి వెళ్ళింది. వచ్చే నెలే ఆపరేషను.

"ఆమె వీళ్ళింటి మనిషి కాదు," అంది లాయరమ్మ.

"మరెవరు?"

అదే ఆమెకీ తెలియదు. ముగ్గురూ అతనివైపు చూశారు. కిటికీ బయట వాన మొదలైంది. అద్దం మీద చుక్కలు ఒకదాని వెంట ఒకటి జారుతున్నాయి. అతనికి ప్రతి చుక్కా తోక ఉన్న చుక్కలాగే కనబడింది.

"అది కోమా కాదు సార్. కామా. ఒక ఎమ్ తక్కువ కొట్టాను."

"కామా?" ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. "మనిషి పేరు కామా ఏంటండీ?"

"ముద్దుపేరు సార్."

"ఎవరిది?"

"ఈ గదిలోనే ఉన్నారు."

ఆఫీసరు గది నలుమూలలా చూసి అమ్మ దగ్గర ఆగాడు. "మీదాండీ?"

"నాదెందుకయ్యా? వాడు నన్ను అమ్మా అనే పిలుస్తాడు," అంది అమ్మ. అన్నాక ఆవిడకి విషయం వెలిగింది. మోకాలి మీది చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

లాయరమ్మ మాత్రం కదల్లేదు. కళ్ళజోడు ముక్కు చివరిదాకా జారినా పైకి తోసుకోలేదు.

"రాసుకోండి," అంది చివరికి ఆఫీసరుతో. "కోమా పేషెంటు ఎవరూ లేరు. ఆ పేరు నాది. నేను ఆరోగ్యంగా ఉన్నాను. పాలసీ రద్దు మాట ఇక ఎత్తకండి."

"ఎత్తనండి. మరి మిగతా ఫిర్యాదు?"

"అది నేను నడపలేను. మా సీనియర్‌కి అప్పగిస్తాను."

అతను కుర్చీలోంచి లేచాడు. "నేను తప్పు చేశానని తెలుసండీ. కానీ కేసు వదిలెయ్యడం ఎందుకు?"

"మీరు ఆగండి." ఆమె అతనివైపు చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "బయటపడ్డవాటిలో నా సంగతి కూడా ఉంది. ఇకమీదట నేను సాక్షిని. సాక్షే లాయరుగా నిలబడకూడదు. అంతేకాదు, నేను వేరే ఫిర్యాదు వేస్తాను."

"మీకేం నష్టం జరిగిందండీ?" అన్నాడు ఆఫీసరు నీరసంగా.

"ఇతను ఆ మాట నాకు చెప్పాలి. చెప్తాడేమోనని నేను రెండు మూడు రోజులకోసారి కళ్ళజోడు జారుతోందని వంక పెట్టుకుని కిందికి దిగాను. మీ నిర్వాకం వల్ల నాకంటే ముందు మంచాలు అద్దెకిచ్చేవాడు విన్నాడు. నర్సుల వాళ్ళు విన్నారు. నేను అందరికంటే ఆఖర్న, అదీ మీ ఎదురుగా విన్నాను. దీనికి పరిహారం ఎంతంటారో మీరే చెప్పండి."

ఆఫీసరు టై వదులు చేసుకున్నాడు. మూడు కూపన్లూ నెమ్మదిగా సొరుగులోకి వెళ్ళిపోయాయి.

మెట్ల కిందికి వచ్చేసరికి వాన జోరందుకుంది. ఆమె సీనియర్‌కి ఫోను చేసింది.

"కేసు మారుస్తున్నందుకు కారణం ఏం రాయమంటావమ్మా?" గొంతు ఇవతలికి కూడా వినబడుతోంది.

"నాకు ఇంట్రెస్ట్ ఉందని రాయండి సార్."

"కేసులోనా?"

"ఫిర్యాదీలో సార్."

అటువైపు నుంచి పెద్ద నవ్వు వినబడింది. ఆమె గబుక్కున ఫోను పెట్టేసింది.

అమ్మ గొడుగు విప్పింది. అమ్మాయి గడ్డం ఒకసారి పట్టుకుని వదిలింది. కొడుకువైపు చూసి, "తొందరేం లేదురా. వాన పూర్తిగా తగ్గాకే రండి," అని, మోకాలి నొప్పి ఉన్న మనిషిలా కాకుండా చకచకా వీధిలోకి నడిచిపోయింది.

ఇద్దరూ చూరు కింద మిగిలారు.

"అమ్మ ఒక్కటే గొడుగు తెచ్చారా?" అంది ఆమె.

"రెండు తెచ్చిందండీ," అన్నాడు అతను. "రెండోది చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది."