అటు ఓవెన్, ఇటు ఫ్రీజర్

"మీ ఓవెన్ వేడికి నా ఐస్‌క్రీమంతా నీళ్ళైపోయిందండీ!"

ఐస్‌క్రీమ్ కొట్టు అబ్బాయి పచ్చిగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉన్నాడు. పక్క బేకరీ అమ్మాయి మాత్రం తాపీగా పిండి చేతులు దులుపుకుంది. రెండు కొట్లకీ గోడ ఒక్కటే. అటు ఆమె ఓవెన్, ఇటు అతని ఫ్రీజర్.

"కరిగితే మళ్ళీ గడ్డ కట్టించుకోండి. భౌతిక మార్పే కదా! నా కేక్ మాడితే తిరిగి పిండి అవుతుందా? అది రసాయన మార్పు."

"కరెక్ట్!" అన్నారు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆమె నాన్న. రిటైరైన సైన్స్ మాస్టారు. బన్ను కొన్నవాళ్ళు కూడా ఆయన ప్రశ్నకి జవాబు చెప్పందే బయటపడలేరు.

అబ్బాయికి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా వెళ్ళి బిల్డింగ్ ఓనరుకి ఫిర్యాదు చేసి వచ్చాడు.

ఆ తర్వాతే మొదలైంది అసలు తంటా. పోట్లాటకని వెళ్ళినవాడు బన్నుకని వెళ్ళసాగాడు. వాన పడితే చాలు, తన కొట్టుకి చూరే లేనట్టు వచ్చి ఆమె చూరు కింద నిలబడేవాడు.

"మీ చూరు కారుతోందా?" అని ఆమె అడిగితే, "లేదండీ, వాన ఇక్కడ బాగుంటుంది" అనేవాడు.

ఆమె కిసుక్కుమనేది. ఇక ఆ పూటకి అతనికి కొట్టు సంగతే గుర్తుండేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె మొహం ముడుచుకుని వచ్చింది.

"మీ ఫిర్యాదు ఫలించింది. ఓవెన్ తీసేయమన్నాడు ఓనరు. ఇంకెక్కడ పెడదామన్నా పొగగొట్టం లేదు. వేరే వీధిలో కొట్టు చూసుకున్నాం. ఇక మీ గోడ చల్లగా ఉంటుంది."

తాను తీసిన గోతిలో తానే పడ్డాడు పాపం. ఆమె లేని వీధిలో ఐస్‌క్రీమ్ ఎవడమ్ముతాడు?

మర్నాడు పొద్దున్నే చెమటలు కక్కుతూ బేకరీలోకి వచ్చి పడ్డాడు. చొక్కా నిండా దుమ్ము.

"ఫ్రీజర్ని అవతలి గోడకి జరిపేశాను. ఓనరు కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. మీరు వెళ్ళకండి!"

"ఆగవోయ్," మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఫ్రీజర్లో వచ్చిందేం మార్పు?"

"ఎక్కడున్నా అది ఫ్రీజరే మాస్టారూ. మారింది నేను. మీమీద ఫిర్యాదు చేసినవాడున్నాడే, వాణ్ణి మళ్ళీ పట్టుకురమ్మన్నా తేలేను. వీడు వేరే మనిషి. వీడికి మీ అమ్మాయంటే ప్రాణం."

అమ్మాయి మొహం సిగ్గుతో కందిపోయింది.

"మార్కులెన్ని వేయమంటావే?" అన్నారు మాస్టారు.

"నేను వేస్తాను నాన్నా." ఆమె అబ్బాయి వైపు తిరిగింది. "ఇకమీదట వాన లేకపోయినా మా చూరు కిందకి రావచ్చు."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ అలాగే ఉండిపోయారు.

మాస్టారు ముక్కు ఎగబీల్చారు. "అమ్మాయీ, కేక్ మాడుతోందే!"

"మాడితే మాడనీ నాన్నా, రసాయన మార్పు. ఇక వెనక్కి రాదుగా!"

"సరే," అన్నారు మాస్టారు నవ్వుతూ. "ఆ మాడింది అల్లుడికే పెట్టు."