సుద్దగుర్తు పెట్టిన మొక్కలు

"గోడ సందులు గీకడానికి నీకు నా చెంచానే దొరికిందా?" అంది అమ్మ.

"దాని మొన సరిగ్గా పడుతుందమ్మా. కొత్తది కొనిస్తాలే."

"పోయిన నెల జల్లెడ కూడా ఇలాగే కొనిచ్చావు. ఇంకా దారిలోనే ఉంది కాబోలు."

నాన్న పేపరు చాటున నవ్వుకున్నాడు. ఇంజనీరైన కూతురు సంచి భుజాన వేసుకుని, చెంచాతో సహా జారుకుంది.

నగరం నడిబొడ్డున పైకప్పు కూలిన పాత నూలు మిల్లు ఒకటుంది. దాని గోడలు అలాగే ఉంచి, మధ్యలో తోట పెంచాలని ఆలోచన. గోడలు నిలుస్తాయని ఆమె రాసిస్తే తోట. లేదంటే సోమవారం అన్నీ పడగొట్టి కార్ల పార్కింగు కట్టేస్తారు.

అక్కడి తోటమాలి హార్టికల్చర్ చదివినవాడు. ఆరు నెలలుగా ఇద్దరూ ఉప్పూ నిప్పూ. అయినా ట్రైనింగుకని తను ఊరెళ్ళిన మూడు వారాలూ అతనితో వాదన లేక ఆమెకి పొద్దుపోలేదు.

వెళ్ళేముందు గోడ సందుల్లోని అత్తి మొలకల పక్కన సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. పెద్ద పగులుకి అడ్డంగా సన్నటి గాజు పలక అతికించింది. పగులు వెంట్రుకవాసి కదిలినా ఆ గాజు విరిగిపోతుంది.

ఇప్పుడు వచ్చి చూస్తే గుర్తు పెట్టిన మొలకలన్నీ జానెడేసి పెరిగి నిగనిగలాడుతున్నాయి. గోడకి ఏ హానీ చెయ్యని గడ్డిపూలు మాత్రం మాయం.

"ఎవరి నిర్వాకమిది?"

"నాదే," అన్నాడు తోటమాలి. "గుర్తు పెట్టినవి ఉంచమనేగా?"

"తీసేయమని."

"మా తోటల్లో గుర్తు పెడితే ఆ మొక్కని ఎవరూ ముట్టుకోకూడదని, ఇంజనీరుగారూ."

"మా గోడల దగ్గర గుర్తు పెడితే దానికి నూకలు చెల్లాయని. నీళ్ళు కూడా పోశారా?"

"రెండు పూటలా." అతని మొహం పాలిపోయింది. "గోడ పోతే నా వల్లేనని రాయండి. మీ మీద వేసుకోకండి."

ఆమె గోడకి నిచ్చెన వేసి ఎక్కింది. అతను గట్టిగా పట్టుకున్నాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. పైన, తడిసిన గోడ మీద గాజు పలక చెక్కుచెదరలేదు. రెండు చివరలూ వేలితో తడిమి మరీ చూసింది.

"మూడు వారాలు తడిపినా పగులు కదల్లేదు," అంది కిందికి చూసి. "ఇంత పరీక్ష పెట్టే సాహసం నేనైతే చెయ్యను."

"మెచ్చుకుంటున్నారా?"

"తిడుతున్నాను. ఆ మొక్కలు ఈరోజే తీసేయాలి."

"కుండీల్లో పెట్టుకుంటాను. మీ మేడ మీద చోటుందా?"

"మీ మొక్కలకి మా మేడెందుకు?"

"నీళ్ళు పోసే వంకతో రోజూ రావచ్చుగా."

వాన జోరందుకుంది. ఆమె నిచ్చెన దిగలేదు. "ఎన్నాళ్ళొస్తారు?"

"మీరు పొమ్మనేదాకా."

"నేను పొమ్మనను," అంది. అతను తలెత్తితే వాన కళ్ళల్లో పడుతోంది. అయినా రెప్ప వెయ్యలేదు. "ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని రండి."

ఆ పూట భోజనాల దగ్గర ఆమే మొదలుపెట్టింది.

"గోడలు నిలుస్తాయని సంతకం పెట్టేశాను. అక్కడ తోటే వస్తుంది."

"మంచి పని చేశావు," అన్నాడు నాన్న.

"ఆదివారం ఆ తోటమాలీ వాళ్ళమ్మా మనింటికొస్తున్నారు."

కూర వడ్డించబోయిన అమ్మ చెయ్యి ఆగింది. "తోట గురించి మాట్లాడటానికా?"

"నా గురించి."

"మమ్మల్ని ఒక్క మాట అడగొద్దటే?"

"అందుకే నాలుగు రోజుల ముందే చెబుతున్నాను. మీరు అడగాల్సినవన్నీ అతన్ని అడగండి, తీరిగ్గా. నేను మాత్రం అతన్నే చేసుకుంటున్నానమ్మా."