తెరిచి ఉన్న లాకు

“అది నా లాకు,” అన్నాను.

“పేరు రాసి ఉందా?” అందామె.

బర్మింగ్‌హామ్ నగరంలోకి కాలవ మెట్లెక్కినట్టు పదమూడు లాకులెక్కి వెళుతుంది. ఖాళీ లాకులోకి పడవ దూరాక తలుపు మూసి నీళ్లు నింపితే, పడవ పై మట్టానికి లేస్తుంది. మొదటి లాకులో నీళ్లు దించి, తలుపు తెరిచి, కట్టు విప్పుకోవడానికి నా పడవ దగ్గరికి వెనక్కి వెళ్లాను. ఇంతలో ఎర్ర పడవ ఒకటి నన్ను దాటుకుని నింపాదిగా లోపలికి దూరింది. చుక్కాని దగ్గర ఒక ముసలావిడ. గట్టు మీద ఈ అమ్మాయి, చేతిలో తూము తిప్పే ఇనుప పిడి.

“నీళ్లు దించింది నేను.”

“ఆ సంగతి నీళ్లు నాతో చెప్పలేదండీ.”

“ఎవరే బ్రయొనీ?” అంది ముసలావిడ.

“లాకుల యజమానట, అమ్మమ్మా.”

“అయ్యో, తలుపు తెరిచి ఉంటే మనకోసమే అనుకున్నాను. ఏమీ అనుకోకు నాయనా, కళ్లద్దాలు టీలో పడ్డాయి.”

ఏమీ అనుకోనని చెప్పి, చాలా అనుకున్నాను. ఏడాదిగా పడవ మీద ఒక్కడినే ఉంటున్నాను. మాట్లాడటానికి మనిషి లేకపోతే మనసు తగువులు పోగుచేసుకుంటుంది. కోపం కూడా ఒక తోడే.

వాళ్లు ఎక్కి వెళ్లిన ప్రతి లాకూ నిండి ఉంటుంది. వెనక వచ్చేవాడు దాన్ని మళ్లీ ఖాళీ చేసుకోవాలి. వాళ్లు ఇద్దరు, నేను ఒక్కడిని. మూడో లాకులో నీళ్లు దిగుతుండగా పై లాకు దాకా నడిచాను. బ్రయొనీ లాకు తలుపును నెట్టే దూలం మీద కూర్చుని బ్రెడ్ పుడ్డింగ్ తింటోంది.

“కోపం తగ్గిందా?” అంటూ ఒక ముక్క చాపింది. “దొంగతనానికి జరిమానా.”

“నాకు తీపి పడదు.”

అబద్ధం. ఆ ముక్కలో కిస్‌మిస్‌లు కూడా కనబడుతున్నాయి.

“పాపం,” అని అదీ తనే నోట్లో వేసుకుంది. “మీ పేరేమిటి, యజమాని గారూ?”

“డెంజిల్. పైకి వెళ్లాక మీరు ఎటు?”

“వూస్టరో, వుల్వర్‌హాంప్టనో. కాలవ చీలే చోట అమ్మమ్మ ఎటు తిప్పితే అటు. ఆవిడకి ఆగడం ఇష్టం ఉండదు.”

వాన మొదలైంది. ఎర్ర పడవ రైలు వంతెన కింది చీకట్లోకి వెళ్లి కనబడకుండా పోయింది. నేను తూములు తిప్పుతూనే ఉన్నాను, తొందర తొందరగా. ఎందుకీ తొందర అని నన్ను నేను అడుక్కుంటే, లాకు సంగతి ఎప్పుడో మర్చిపోయానని తెలిసింది. ఆ ముక్క తీసుకుని ఉంటే ఇంకో నాలుగు మాటలు దొరికేవి. నేను చేరేసరికి వాళ్లు వెళ్లిపోతే, ఎటు వెళ్లారో నీళ్లు నాతోనూ చెప్పవు.

ఆఫీసుల మేడ కింద ఉన్న లాకు ఖాళీగా ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది.

పైనుంచి ఏదో పడవ దిగి ఉంటుందనుకున్నాను. కానీ దిగిన పడవ నన్ను దాటుకునే పోవాలి. ఏదీ రాలేదు.

తర్వాతి లాకూ అంతే. దాని దూలం మీద, వాన పడని చోట, కాగితంలో చుట్టిన పుడ్డింగ్ ముక్క. నిలబడే తినేశాను.

చివరి లాకు పైన ఎర్ర పడవ కట్టి ఉంది. బ్రయొనీ తడిసి ముద్దయి గట్టు మీద నిలబడింది.

“ఆ లాకులు ఎవరు తెరిచారు?”

“పేరు రాసి ఉందా?”

“నాకు తీపి పడుతుంది,” అన్నాను.

“తెలుసు. గడ్డం మీద కిస్‌మిస్ ఉంది.”

“ప్రతి లాకుకీ ఇది వెనక్కి పరిగెత్తడం, నేనొక్కదాన్నే పడవ పట్టుకుని తడవడం,” అంది అమ్మమ్మ. “ఇక నావల్ల కాదు. మా పక్కనే కట్టెయ్ నాయనా, టీ పెడతాను.”

“మీకు ఆగడం ఇష్టం ఉండదన్నారు?”

“దారి కనబడితే కదా వెళ్లడానికి. కళ్లద్దాలు లేవాయె.”

“తాడు ఇటు వెయ్, డెంజిల్,” అంది బ్రయొనీ. వేశాను.

కళ్లద్దాలు ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి.