ఒకే మెషీన్‌లో నలభై ప్రాణాలు

"అందర్నీ తీసుకెళ్లి ఒకే మెషీన్‌లో పెడుతున్నావటగా అక్కా? అందులోకి ఎవడైనా దూరితే మా గతేంటే?"

శత్రుదేశంలో బ్యూటీ పార్లర్ నడుపుతూ రహస్యాలు పంపే చెల్లెలు సీక్రెట్ లైన్‌లో అడిగింది.

"ఏం కాదులేవే. నీకు ప్రతిదానికీ భయమే!" నవ్వేసింది ఏజెంట్ డేగ.

అంతవరకూ ఒక్కో గూఢచారికి ఒక్కో అద్దె సర్వర్ ఉండేది. అసలు పేరు, మారుపేరు, మాట్లాడుకునే లైను అన్నీ అందులోనే. నలభై సర్వర్ల బాగోగులు చూసుకోలేక, వాటన్నిటినీ ఒక పెద్ద మెషీన్‌లోకి మార్పించింది డేగే. అందులో మిగిలిన చోటు ఒక సెంటు కంపెనీ అద్దెకు తీసుకుంది.

వారం తిరక్కుండానే శత్రుదేశంలో దర్జీ వేషంలో ఉన్న మన మనిషిని కాల్చేశారు.

"లీక్ మన మెషీన్ నుంచే," అన్నాడు చీఫ్. "సెంటు కంపెనీ ఓనరమ్మ శత్రువుల ఏజెంట్. పక్క పోర్షన్‌లో దిగి గోడకి కన్నం వేసింది. ఒక్కో పేరే తోడుతోంది."

"ఆ కంపెనీని ఓకే చేసింది నేనే సార్."

"తెలుసు. వెళ్లి ఆమెని ఆపు."

దర్జీకి ఇద్దరు ఆడపిల్లలు. దారి పొడుగునా డేగకి వాళ్ల జడలే కళ్లముందు ఆడాయి.

ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూమ్‌లోకి అడుగుపెట్టింది. లోపల ఎర్రకోటులో సెంటు కంపెనీ ఓనరమ్మ. ఆ సుందరి ఒళ్లో లాప్‌టాప్, చేతిలో పిస్టల్.

"రా డేగా! ఈ ఫైలు మీ చెల్లెలిదే. తొంభై ఎనిమిది శాతం వచ్చేసింది. స్విచ్ ఆపావో, మిగిలిన ముప్పై తొమ్మిది మందికీ నీతో లైన్ కట్. అన్నీ ఒకేచోట పెట్టిన తెలివి నీదేగా?"

ఆ మాట తూటాలా తగిలింది. డేగ చేతిలోని స్పానర్‌లో దాచిన మీట నొక్కింది. మత్తుగ్యాస్ బుస్సుమంది. సుందరి ఒరిగిపోయింది. డేగ ఊపిరి బిగబట్టి మెయిన్ స్విచ్ లాగేసింది. తొంభై తొమ్మిది దగ్గర బదిలీ ఆగిపోయింది.

పాత సర్వర్ల అద్దె గడువు ఇంకా తీరలేదు. చీఫ్ ఒక్కొక్కటే తిరిగి ఆన్ చేయించాడు. అందరూ పలికారు, చెల్లెలు తప్ప.

"వాన మొదలైంది," అంది డేగ. షాపు వదిలి పారిపొమ్మని దానర్థం.

లైన్‌లో గరగర మాత్రమే.

"వాన మొదలైందే... తప్పంతా నాదేనే. తిట్టు, కొట్టు, ఒక్కసారి పలకవే తల్లీ!"

మళ్లీ గరగరే. చీఫ్ తల దించుకున్నాడు. డేగ హెడ్‌ఫోన్ తీయలేదు.

చాలాసేపటికి గుసగుసగా ఒక గొంతు.

"ఉండవే అక్కా! వీళ్ల పోలీస్ బాస్ పెళ్లాం తలకి రంగు సగమే అయింది. ఇలా వదిలేసి పారిపోతే ఆవిడే చంపేస్తుంది."