సిస్టం ముప్పై మూడు జోలికి వెళ్ళొద్దు

"రీసైకిల్ బిన్ ఎవరు ఖాళీ చేశారు?"

ఆ గొంతు వినగానే కంప్యూటర్ మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఎంబ్రాయిడరీ షాపు ఓనరు గారమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళలోంచి నిప్పులు.

"నేనేనండీ. చెత్తే కదా అని..."

"అందులో నా డిజైన్లున్నాయి!"

"చెత్తబుట్టలోనా? బీరువా పెట్టుకుని నగలు ఎవరైనా చెత్తబుట్టలో దాచుకుంటారా?"

"బీరువా కనిపిస్తే చాలు, ఊడ్చి అవతల పారేసే నాన్న ఉంటే దాచుకుంటారు!"

పాపం, అదీ నిజమే. కంప్యూటర్ కాస్త నెమ్మదించిందంటే చాలు, ఓనరు గారికి చెయ్యి దురద పెడుతుంది. తనకు తెలియని ఫైలు ఏది కనిపిస్తే దాన్ని తీసేస్తారు. బరువు తగ్గితే అదే పరిగెడుతుందని ఆయన నమ్మకం. బిన్ మాత్రం తెరవరు. చెత్తలో చెయ్యి పెట్టడం ఆయనకు అసహ్యం. అందుకే ఆ షాపులో అన్నిటికన్నా భద్రమైన చోటు చెత్తబుట్టేనని అమ్మాయి కనిపెట్టింది. ఏడాదిగా తను వేసుకున్న డిజైన్లన్నీ అందులోనే దాచింది.

"రేపు బొటిక్ మేడమ్ వస్తోంది. అవి నచ్చితే కొత్త బట్టలన్నీ మా దగ్గరే కుట్టిస్తానంది. ఎన్నాళ్ళు కుడతాం నాన్న గులాబీ పువ్వే? ఇప్పుడేం చూపించను, మీ మొహమా?"

మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. ప్రతి నెలా వచ్చి ఆమెకు పాఠం చెప్పేది తనే. టెంప్ ఫైళ్ళు తీసెయ్యొచ్చు, పాత ఇన్‌స్టాలర్లు తీసెయ్యొచ్చు, సిస్టం అని ఉంటే మాత్రం జోలికి వెళ్ళొద్దు. అదే పాఠాన్ని ప్రతిసారీ ఆమె చెంపకి చెయ్యి ఆనించుకుని కొత్తగా వింటున్నట్టు వినేది. ఆ చూపు కోసం అతను నెలంతా ఎదురుచూసేవాడు. అంత చేసి, ఎప్పుడూ ముట్టని బిన్‌ని ఈరోజు ఒక్క మాట అడక్కుండా ఖాళీ చేసేశాడు.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి ఓనరు గారు వచ్చారు.

"అయిపోయిందా అయ్యా? లే, ఒక బిల్లు కొట్టుకోవాలి."

"బాబాయ్ గారూ, ముట్టుకోకండి!" అంటూ మెకానిక్ ఒక్క ఉదుటున ప్లగ్గు పీకేశాడు.

"ఏమైందయ్యా, షాక్ కొడుతోందా?"

"కాదండీ. తీసేసిన ఫైలు అప్పుడే పోదు. ఆ చోటు ఖాళీ అని బోర్డు పెడుతుందంతే. ఇంకోటి వచ్చి కూర్చుంటేనే పాతది పోతుంది. ఇప్పుడు మీరు బిల్లు కొడితే అది మీ అమ్మాయి పువ్వు మీద కూర్చోవచ్చు."

ఓనరు గారు చెయ్యి చప్పున వెనక్కి లాక్కున్నారు. "మా అమ్మాయి పువ్వా? నువ్వు డిజైన్లు వేస్తావా అమ్మా? నాకు చెప్పలేదే!"

"మొదటిది వేసి చూపిద్దామనుకునేలోపే తీసేశారు నాన్నా."

ఆయన స్క్రూడ్రైవర్ తీసి మెకానిక్ చేతిలో పెట్టారు.

మెకానిక్ హార్డ్ డిస్క్ ఊడదీసి, ఎదురుగా ఉన్న తన రిపేరు షాపుకి పట్టుకెళ్ళాడు. వాన కుండపోత. అమ్మాయి వెంటే వచ్చింది. గొడుగు మాత్రం హార్డ్ డిస్క్‌కే పట్టింది. అతను తల నుంచి చెప్పుల దాకా తడిసిపోయాడు.

"నేను కూడా మనిషినేనండీ."

"అది దొరికాక ఆలోచిద్దాం."

డిస్క్‌ని తన కంప్యూటర్‌కి తగిలించి రికవరీ పెట్టాడు. తెర మీద పచ్చగీత నత్తలా పాకుతోంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఊపిరి పీల్చుకుంటే ఎక్కడ ఆగిపోతుందోనన్నట్టు.

చివరికి ఫైళ్ళు వచ్చాయి. పేర్లు పోయి, అర్థంకాని అక్షరాలు మిగిలాయి. అతను మొదటిది తెరిచాడు. తీగ మీద వరసగా కూర్చున్న పిచ్చుకలు. ఒక్కటి మాత్రం అటు తిరిగి కూర్చుంది.

"నాదే! ఆ అలిగిన పిచ్చుక నాదే!" ఆమె అతని తడి చొక్కా పట్టుకుని ఊపేసింది.

ఒక్కొక్కటీ తెరుస్తున్నాడు, ఆమె పేరు పెడుతోంది. ఆఖరుది కూడా చక్కగా తెరుచుకునేసరికి ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకుంది. అతనికైతే నెత్తి మీంచి గ్రైండర్ దించినట్టుంది.

ఆ తేలికలోనే డిస్క్ ఒకసారి కలియజూశాడు. "అవునూ, నెల నెలా ఇది ఎందుకు నిండుతోంది? ఇదేంటి... సిస్టం ముప్పై మూడు? ముప్పై రెండు అయితే ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది గానీ..."

"కొత్తదేమో." ఆమె గొంతు సన్నబడింది.

"తెరిచి చూస్తా."

"సిస్టం అని ఉంటే జోలికి వెళ్ళొద్దని మీరే కదా చెప్పారు!"

తెరిచాడు. మెషిన్‌కి దారం ఎక్కించే వీడియో. దాని కాపీ. కాపీకి కాపీ. ఎంత కిందికి జరిపినా అదే.

"ఒక్క దారం ఎక్కించడానికి ఇన్ని వీడియోలా?"

ఆమె గొడుగు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది.

"డిస్క్ నిండకపోతే కంప్యూటర్ స్లో అవ్వదు. స్లో అవ్వకపోతే నాన్న మిమ్మల్ని పిలవరు."

అతని బుర్ర ఆ కంప్యూటర్ కన్నా నెమ్మది. కాసేపటికి గానీ ఎక్కలేదు. "అంటే... ప్రతి నెలా..."

"ప్రతి నెలా! ఎప్పుడైనా మీ నంబరు ఇస్తారేమోనని చూస్తే షాపు బిల్లు ఇచ్చి పోతారు! డిస్క్ నింపింది నేను. నిండిందని నాన్న ఫైళ్ళ మీద పడితే బిన్‌లో దాచిందీ నేనే. ఇంత గొడవకీ కారణం నేనే, తిట్టండి."

అతను తిట్టలేదు, నవ్వేశాడు. "ఒక్కసారి సరిగ్గా వెతికితే ఈ ఫోల్డర్ మొదట్లోనే దొరికేది. ఎందుకు వెతకలేదనుకున్నారు? పని పూర్తిగా అయిపోతే మళ్ళీ ఏ వంకతో రావాలి?"

ఇద్దరి కళ్ళూ కలిసి, ఇంకా విడిపోకముందే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఓనరు గారు తడుస్తూనే వచ్చారు.

"దొరికాయా?" అంటూ తెర దగ్గరికి వంగి పిచ్చుకల్ని చాలాసేపు చూశారు. "నా గులాబీ దీని ముందు క్యాబేజీలా ఉందే అమ్మా!" కళ్ళజోడు తుడుచుకుని పక్కకి చూశారు. "మరి ఈ పక్కనున్నవేంటి, ఇన్ని? డిలీట్ కొట్టండి, బరువు!"

"వద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఆయన కూతుర్ని చూశారు. మెకానిక్‌ని చూశారు. కళ్ళజోడు మళ్ళీ తీసి తుడుచుకున్నారు.

మర్నాడు బొటిక్ మేడమ్ అలిగిన పిచ్చుకనే ముందు ఎంచుకుంది. ఆమె అటు వెళ్ళగానే మెకానిక్, డిస్క్ తిరిగి బిగించిన షాపు కంప్యూటర్‌లో ఆ వీడియోలు తెరిచి కూర్చున్నాడు.

"ఇవి తీసెయ్యొచ్చా అండీ?" ఈసారి అడిగాడు.

"తీసెయ్యండి. ఇక వాటితో పనేముంది?" అమ్మాయి తలొంచుకుని నవ్వింది. "ఒక్కటి ఉంచండి."

కంప్యూటర్ గుర్రంలా పరిగెడుతోంది. అయినా సాయంత్రం అతను మళ్ళీ గుమ్మంలో ప్రత్యక్షం.

"ఏమయ్యా, బాగానే ఉందిగా?"

"ఊరికే, ఒకసారి చెక్ చేద్దామని బాబాయ్ గారూ."

"నన్ను బాబాయ్ అంటే మా అమ్మాయి నీకు ఏమవుతుందో తెలుసా? ముందు ఆ పిలుపు డిలీట్ చెయ్యి," అన్నారాయన స్టూలు ముందుకు జరుపుతూ. "మావయ్యా అని, అప్పుడు చెక్ చేసుకో. ఆదివారం మీ అమ్మగారిని కూడా తీసుకురా."