మారని వేలిముద్ర

"నాలుగు ఊళ్లు, నాలుగు నెలలు, పదకొండు మంది పిల్లలు పోయారు." హైదరాబాదులో చీఫ్ కేశవరావు ఫైలు మూశాడు. "వాంతులు, విరేచనాలు. ఎంటెరోవైరస్. పిల్లల నుంచి పిల్లలకి పాకేకొద్దీ దాని జన్యువులు కాస్త కాస్త మారాలి. ల్యాబ్‌లో వాటి వేలిముద్ర తీశారు. నాలుగు ఊళ్లలోనూ ఒకటే!"

"అంటే అది పాకలేదు సార్. ఒకే సీసాలోంచి ఎవరో పోస్తున్నారు." అన్నాడు ఏజెంట్ కృపానందం.

"విదేశీ ముఠా. ప్రయోగం మన పిల్లల మీద. రేపు కోనసీమలోని అంబాజీపేట చర్చిలో సండేస్కూలు పండగ. ముఠాలో ఉన్న మన మనిషి సలోమి, ఆ పక్క రాజోలు పిల్ల, నర్సు వేషంలో అక్కడ కలుస్తుంది. నువ్వు ఆమెని చూడలేదు, కోడ్‌తోనే గుర్తుపట్టాలి."

ఆ పండక్కి తన కూతురు రాహేలు కూడా అమ్మమ్మతో వెళుతుందని కృపానందం చెప్పలేదు. చెబితే చీఫ్ పంపడు.

మర్నాడు కొబ్బరి దళారీ వేషం, పెట్టుడు మీసం, చంకలో డొల్ల కొబ్బరికాయ, అందులో వైర్‌లెస్. చర్చి వెనక నీళ్ల డ్రమ్ము దగ్గర ఒక నర్సు నిలబడింది. చూపు తిప్పుకోనివ్వని అందం.

"కొబ్బరికాయల దింపు ఎప్పుడండి?" అన్నాడు.

"నలభై అయిదో రోజునండి." కోడ్ కలిసింది. "సీసా ఓడలరేవు వెళ్లిపోయిందండి. మీరు తొందరగా బయల్దేరండి."

"ఈ నీళ్లు కాచేరా అండి?"

"ఆయ్."

బతికించావురా దేవుడా అనుకున్నాడు. అయినా ఇంకోసారి పరీక్షించకుండా వెళ్లదలచుకోలేదు. వరసలో అందరికంటే ముందు రాహేలు, చేతిలో గ్లాసు.

"మా మేనల్లుడు ఈ రోగంతోనే పోయేడండి," అని అబద్ధమాడాడు.

"ఆయ్."

"ఎల్లుండి మా ఇంట్లో పెళ్లండి. రావాలండి."

"ఆయ్."

చావుకీ పెళ్లికీ ఒకటే రాగమా! కోనసీమలో పుట్టిన నోట్లో ఆయ్ సంబరానికి సాగుతుంది, చావు కబురుకి కుంగుతుంది. ఇది టేపురికార్డరు ముందు కూర్చుని నేర్చిన ఆయ్. ఇది సలోమి కాదు!

గ్లాసు రాహేలు పెదవికి తగిలింది. కృపానందం ఒక్క దూకు దూకి దాన్ని ఎగరగొట్టి, డ్రమ్ముని తన్నేశాడు. డొల్లకాయలోకి అరిచాడు. పరిగెత్తిన నర్సుని గేటు దగ్గర పోలీసులు పట్టుకున్నారు. బొడ్లో ఖాళీ సీసా దొరికింది.

కోడ్ చెప్పించుకుని వాళ్లు కట్టేసిన అసలు సలోమి సామాన్ల గదిలో దొరికింది. "బాగానే ఉన్నారా అండి?" అంటే "ఆయ్" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఆయ్ విన్నాకే అతనికి ఊపిరి ఆడింది.

బయట అత్తగారు సువార్తమ్మ ఊడిన మీసాన్నీ, బురదైన నేలనీ మార్చి మార్చి చూసింది.

"నూతి నుంచి మోసుకొచ్చిన నీళ్లండి అల్లుడుగారూ! మీకేమైనా మతి పోయిందా అండి?"

రాహేలుని గుండెకి గట్టిగా హత్తుకుని కృపానందం అన్నాడు: "ఆయ్."